కొత్త శబ్దం ఒక్కటీ లేని కొత్త రికార్డు: వినైల్ రీ-ఎడిట్ల వెనక ఉన్న లెక్క

పాత డిస్కో పాట ఒకటి రికార్డుల దుకాణంలో నాలుగు రూపాల్లో ఎదురవుతుంది. 1970ల నాటి అసలు సింగిల్, దాని పునర్ముద్రణ, ఎవరో చేసిన రీమిక్స్, చివరగా ఒక తెల్ల లేబుల్. ఆ తెల్ల లేబుల్ మీద పాట పేరు సగమే ఉంటుంది, గాయకుల పేరు అసలుండదు, మూలన రబ్బరు స్టాంపుతో ‘ఎడిట్’ అని మాత్రం గుద్ది ఉంటుంది. పాట అదే, గొంతు అదే, వాద్యాలూ అవే. మూడున్నర నిమిషాల పాట మాత్రం ఆరు నిమిషాలైంది. కొన్నిసార్లు ఎనిమిది నిమిషాల పాట నాలుగుకు దిగింది. దీనికి విడిగా డబ్బెందుకు పెట్టాలన్నది మామూలు శ్రోతకు వచ్చే సందేహం. ఇది చట్టబద్ధమేనా అన్నది దాని వెంటే వచ్చే రెండో సందేహం.

క్లుప్తంగా

రీ-ఎడిట్ అంటే మిక్సింగ్ పూర్తయిన పాటను ముక్కలు చేసి, డీజే వాడుకకు అనువుగా తిరిగి అతకడం. విడి ట్రాకులు చేతిలో ఉండవు గనుక మార్చగలిగేది క్రమాన్నీ నిడివినీ మాత్రమే. అతుకులు ఎక్కడ పడాలో డ్రమ్మరు నడక నిర్ణయిస్తుంది. పాట ఎంత సాగవచ్చో రికార్డు గాడి నిర్ణయిస్తుంది. వాడుకున్నది అసలు రికార్డింగే కాబట్టి దాని యజమాని అనుమతి లేకుండా ముద్రిస్తే అది అనధికార రికార్డే.

ఎడిట్ వేరు, రీమిక్స్ వేరు

తెలుగునాట ‘డీజే సాంగ్’ అనగానే బరాత్‌లోనో వినాయక నిమజ్జనంలోనో వినిపించే పాట గుర్తొస్తుంది. పాత పాట కింద తీన్మార్ దరువో, బరువైన కిక్కో కొత్తగా వేస్తారు. అది రీమిక్స్ జాతికి చెందినది, ఎందుకంటే అందులో బయటి శబ్దం చేరింది. స్టూడియో పద్ధతిలో చేసే అసలైన రీమిక్స్ ఇంకో మెట్టు లోపలికి వెళ్తుంది. రెండంగుళాల వెడల్పు టేపు మీద 24 ట్రాకుల్లో విడివిడిగా ఉన్న డ్రమ్స్, బేస్, వయొలిన్లు, గొంతులను మళ్లీ తెరిచి, వాటి పాళ్లు మార్చి కలుపుతారు.

ఎడిటర్ చేతికి ఆ టేపు రాదు. అతని దగ్గరున్నది ఎడమ, కుడి రెండే చానెళ్ల తయారు సరుకు. పులుసు మరిగాక అందులోంచి ఉప్పు తీయలేనట్టే, ఇక్కడ బేస్‌ను ఉంచి గొంతును తీసేయడం కుదరదు. గొంతు లేని చోటును పాటలోనే వెతికి పట్టుకోవాలి. అలాంటి చోటునే ‘బ్రేక్’ అంటారు. మిగతా వాద్యాలన్నీ ఆగి డ్రమ్స్, కాంగాలు, ఒక్కోసారి బేస్ మాత్రమే నడిచే ఆ నాలుగు బార్లు (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) ఎడిటర్‌కు పెట్టుబడి లాంటివి. బ్రేక్ లేని పాటకు మంచి ఎడిట్ చేయడం చాలా కష్టం. ఎంత గొప్ప పాటైనా సరే.

న్యూయార్క్‌లో రెండు కాపీలతో మొదలు

1970ల మొదట్లో న్యూయార్క్ క్లబ్బుల సమస్య చాలా సాదా. ఏడంగుళాల సింగిల్ మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఆడేవాళ్లకేమో అప్పుడే ఊపు వస్తుంది. పాటలను మిక్స్ చేసే టామ్ మౌల్టన్ టేపు మీద పాటలను పొడిగించి, ఒకదానికొకటి అతికి ఫైర్ ఐలాండ్‌లో వినిపించాడు. 12 అంగుళాల సింగిల్ పుట్టింది కూడా ఆయన చేతి మీదుగానే, అదీ అనుకోకుండా. డిస్కు మీద గాడి కోసే కటింగ్ ఇంజినీర్ హోసే రోడ్రిగెజ్ దగ్గర ఏడంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. పదంగుళాల దాని మీద కోస్తూ, చోటు మిగిలింది కదా అని గాళ్ల మధ్య ఎడం పెంచారు. శబ్దం ఒక్కసారిగా పెరిగింది. తర్వాత 12 అంగుళాలకు మారారు.

డీజే వాల్టర్ గిబ్బన్స్ దారి వేరు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాని మీద బ్రేక్ అయిపోయే క్షణానికి రెండో దాని మీద అదే బ్రేక్ మొదలుపెట్టేవాడు. పది సెకన్ల డ్రమ్స్ రెండు నిమిషాలయ్యేవి. సాల్‌సోల్ రికార్డు సంస్థ ఆయనకు డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట ‘టెన్ పర్సెంట్’ మల్టీట్రాక్ (విడి ట్రాకుల) టేపులు అప్పగించింది. 1976లో వచ్చిన ఆ రికార్డునే దుకాణంలో జనానికి అమ్మిన తొలి 12 అంగుళాల సింగిల్‌గా చెబుతారు. ఖచ్చితంగా మాట్లాడితే అది రీమిక్స్. కానీ దాని ఆలోచన రెండు కాపీల చేతివాటం నుంచి వచ్చిందే.

ఆ చేతివాటాన్ని టేపు మీద స్థిరపరచి, మాన్‌హాటన్‌లోని సన్‌షైన్ సౌండ్ స్టూడియో వంటి చోట అసిటేట్ డిస్కుగా (ముద్రణ లేకుండా నేరుగా కోసే ఒక్క కాపీగా) కోయించుకోవడం డీజేలకు అలవాటైంది. ఫ్రాన్స్ నుంచి 1975లో వచ్చిన ఫ్రాంస్వా కెవోర్కియన్ రేర్ ఎర్త్ బృందం పాట ‘హ్యాపీ సాంగ్’ ఎడిట్‌తో పేరు తెచ్చుకున్నది ఈ దారిలోనే. అసలు వృత్తికి ఆయన డ్రమ్మరు, అది గమనించాల్సిన సంగతి. డానీ క్రివిట్ ‘మిస్టర్ కె’ పేరుతో చేసిన ఎడిట్లు ఇప్పటికీ ముద్రణ అవుతున్నాయి. వాటిలో ఏడంగుళాలకు కుదించినవీ ఉన్నాయి. షికాగోలో ఫ్రాంకీ నకిల్స్, రాన్ హార్డీ ఇదే పనిని రీల్ టేపుల మీద చేసి, డిస్కో నుంచి హౌస్ సంగీతానికి వంతెన వేశారు. 1990ల్లో డీజే హార్వీ, తర్వాత థియో పారిష్, గ్రెగ్ విల్సన్ దాన్ని మళ్లీ రికార్డుల మీదికి తెచ్చారు.

బ్లేడుకు తెలిసిన దూరం

టేపు మీద కాలాన్ని సెంటీమీటర్లలో కొలవవచ్చు. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో, అంటే 38.1 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. నిమిషానికి 114 బీట్ల పాటలో ఒక బీట్ 0.526 సెకను, టేపు మీద 20 సెంటీమీటర్లు. నాలుగు బీట్ల బార్ 80 సెంటీమీటర్లు. ఎనిమిది బార్లు ఆరు మీటర్ల 40 సెంటీమీటర్లు. ఆ పొడవు టేపును మెడలో వేలాడదీసుకుని, ఏది ముందుదో ఏది వెనకదో మరిచిపోకుండా అతకడమే అప్పటి ఎడిటింగ్.

పని తీరు ఇలా ఉంటుంది. రెండు రీళ్లను చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదుపుతూ కిక్ డ్రమ్ దెబ్బ మొదలయ్యే చోటును చెవితో పట్టుకోవాలి. టేపును చదివే హెడ్ ఎదురుగా, టేపు వెనక వైపు తెల్ల మైనపు పెన్సిల్‌తో గీత పెట్టాలి. కోతకు వాడే దిమ్మె గాడిలో టేపును ఉంచి ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో కోయాలి. కాలంగుళం టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు గనుక ఆ ఏటవాలు కోత దాదాపు 17 మిల్లీసెకన్ల మెత్తటి మార్పును ఇస్తుంది. నిలువు కోత అయితే ‘టప్’ మంటుంది. గీత ఒక సెంటీమీటరు తప్పితే 26 మిల్లీసెకన్లు తప్పినట్టు, అంటే అడుగు తడబడినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. రెండు మిల్లీమీటర్లు తప్పితే ఐదు మిల్లీసెకన్లు, అది చాలామంది చెవికి అందదు.

చెడేవి చిన్న కారణాలకే చెడతాయి. బ్లేడుకు అయస్కాంత గుణం అంటితే ప్రతి అతుకు దగ్గరా ‘టిక్’ వినిపిస్తుంది. అతికించే టేపు బదులు మామూలు సెల్లోటేపు వాడితే జిగురు ఊరి పక్క పొరకు అంటుకుంటుంది, కొన్నాళ్లకు అక్కడ టేపు ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో ఇబ్బంది కంప్యూటర్ తరానికి తట్టనిది: టేపులో ‘కాపీ, పేస్ట్’ లేదు. ఒక బ్రేక్ నాలుగుసార్లు రావాలంటే దాన్ని రికార్డు మీద నుంచి నాలుగుసార్లు టేపుకు ఎక్కించి, నాలుగు నిజమైన ముక్కలు చేతిలో పెట్టుకోవాలి.

అతుకు ఎక్కడ పడాలి

మొదటి బీట్ మీద కోయడం తేలికైన సూత్రం, అన్నిచోట్లా పనికిరాదు. ముందు బార్‌లో కొట్టిన తాళం మోత, గొంతు చివరి అక్షరం, రివర్బ్ (ప్రతిధ్వని) తోక తర్వాతి బార్‌లోకి పారుతూ ఉంటాయి. ఒకటో బీట్ దగ్గర కోస్తే ఆ తోక కత్తిరించినట్టు ఆగిపోతుంది. వినేవాళ్లకు తప్పేమిటో చెప్పడం రాకపోయినా ఏదో తెగిందని తెలుస్తుంది. అలాంటప్పుడు అనుభవజ్ఞులు అతుకును రెండో లేదా నాలుగో బీట్ మీద పడే స్నేర్ డ్రమ్ దెబ్బ కిందికి జరుపుతారు. గట్టి దెబ్బ చాటున చిన్న తేడా కనబడదు.

కాంగాలు, హై-హ్యాట్ దాక్కుంటాయి. వయొలిన్లు దాక్కోవు. ఫిలడెల్ఫియాలోని సిగ్మా సౌండ్ స్టూడియోలో తయారైన పాటల్లో తీగల వాద్యాలు బార్ల సరిహద్దులు దాటి సాగుతాయి, స్వరసమూహాలు (కార్డ్‌లు) మారుతూ ఉంటాయి. అక్కడ ఎనిమిదో బార్ చివరి స్వరసమూహం మొదటి బార్‌కు సహజంగా దారి తీస్తేనే ఆ ముక్క తిరుగుతుంది, లేకపోతే పాట మెట్టు తప్పి పడ్డట్టుంటుంది. జేమ్స్ బ్రౌన్ తరహా ఫంక్ ఒకే స్వరసమూహం మీద నిమిషాల తరబడి నిలబడుతుంది గనుక ఎక్కడ కోసినా దాదాపు ఒప్పుతుంది. ఫంక్ ఎడిట్లు అంత విస్తారంగా, సోల్ ఎడిట్లు అంత తక్కువగా ఉండటానికి రుచికన్నా ఇదే పెద్ద కారణం అనిపిస్తుంది.

డ్రమ్మరు గడియారం కాదు

అప్పటి పాటల్లో డ్రమ్స్ మనిషి వాయించినవి. ఎర్ల్ యంగ్ అంతటి నిలకడైన డ్రమ్మరు ఉన్న చోట కూడా నడక చిన్నగా మారుతుంది. పాట 112 దగ్గర మొదలై, పల్లవి తిరిగి వచ్చేసరికి 116కు చేరడం అరుదేమీ కాదు. 112లో బార్ 2.143 సెకన్లు, 116లో 2.069 సెకన్లు. మొదటి నిమిషంలోని ముక్కను చివరి నిమిషంలోని ముక్కకు అతికితే ఒక్కో బార్‌కు 74 మిల్లీసెకన్ల తేడా. రెండో రికార్డుతో కలుపుతున్న డీజేకు రెండు బార్లలోనే గుర్రపు డెక్కల చప్పుడు మొదలవుతుంది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 మీద పిచ్ స్లైడర్ 8 శాతం అటూ ఇటూ జరుగుతుంది. అది స్థిరమైన తేడాను సరిదిద్దగలదు, నడుమ గెంతిన వేగాన్ని కాదు.

ఏబుల్టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వార్ప్ గుర్తులతో, అంటే పాటలోని బీట్‌ను సరైన కాలానికి కట్టే గుర్తులతో, ఈ నడకను సరిచేస్తారు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ప్రతి బీట్‌కూ ఒక గుర్తు పెట్టడం. స్నేర్ పది, పదిహేను మిల్లీసెకన్లు వెనకబడి పడటంలోనే ఆ పాట ఊగు ఉంది. దాన్ని గీత మీదికి లాగితే పాట లెఫ్ట్ రైట్ కొట్టే పోలీసు కవాతులా తయారవుతుంది. నాలుగు బార్లకు ఒక గుర్తు చాలు, మరీ అవసరమైతే బార్‌కు ఒకటి. మార్పు అర శాతం లోపైతే శ్రుతి మార్చకుండా సాగదీసే పద్ధతికన్నా, టేపులాగా వేగాన్నే మార్చే పద్ధతి మంచిది. డ్రమ్ దెబ్బల అంచులు అరిగిపోవు. ఒక శాతం దాటితే మాత్రం శ్రుతి సుమారు 17 సెంట్లు మారుతుంది, అంటే అర స్వరంలో ఆరో వంతు. అతుకు దగ్గర అది అపస్వరంగా తగులుతుంది.

మూలం కూడా పాత రికార్డే అయితే ఇంకో చిక్కు ఉంది. నడిమి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటే, కేంద్రానికి 100 మిల్లీమీటర్ల దూరంలోని గాడి మీద వేగం ప్రతి చుట్టుకూ అర శాతం పెరిగి, అర శాతం తగ్గుతుంది. మామూలుగా వింటే ఎవరూ పట్టించుకోరు. కానీ నిమిషానికి 45 చుట్ల వేగంలో ఒక చుట్టు 1.33 సెకన్లు, మన బార్ 2.1 సెకన్లు. రెండూ కలవవు. కాబట్టి ముక్క మొదలు ఒక శ్రుతిలో, చివర మరో శ్రుతిలో ఉండి, లూప్ తిరిగిన ప్రతిసారీ చిన్న ఎక్కిళ్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టేకన్నా టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) ఊగుడు చూస్తూ రికార్డును కొద్దికొద్దిగా జరిపి మధ్యకు తేవడం మేలు. గీరల చిటపటలను ఆటోమేటిక్ ఫిల్టరుకు వదిలేస్తే బాకాల మొదటి అంచును కూడా అది గీరే అనుకుని తినేస్తుంది. ఒక్కో టిక్‌ను చేత్తో తీయాల్సిందే.

గాడిలో చోటెంత

పైన చెప్పిన 114 బీట్ల పాట నిడివి మూడున్నర నిమిషాలు అనుకుంటే, ముందు 16 బార్ల డ్రమ్స్, నడుమ 32 బార్ల బ్రేక్, చివర 16 బార్లు కలిపితే మొత్తం 64 బార్లు, దాదాపు రెండుంబావు నిమిషాలు పెరుగుతుంది. ఐదు నిమిషాల 45 సెకన్ల పాట తయారైంది. ఇప్పుడు దాన్ని ఏడంగుళాల మీద పెట్టాలా, 12 అంగుళాల మీదా?

ఏడంగుళాల రికార్డులో గాడి కేంద్రం నుంచి 84 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 54 దగ్గర ఆగాలి. చోటు 30 మిల్లీమీటర్లే. 45 వేగంలో మూడున్నర నిమిషాలకు 157 చుట్లు, ఒక్కో చుట్టుకు 190 మైక్రాన్లు దొరుకుతాయి. ఐదు ముప్పావు నిమిషాలకు 259 చుట్లు, చుట్టుకు 116 మైక్రాన్లే. గాడి వెడల్పే యాభై, అరవై మైక్రాన్లుంటుంది. మిగిలిన చోట్లోనే అది అటూ ఇటూ ఊగాలి. ఊగేది ఎక్కువగా బేస్ వల్ల. అందుకే కటింగ్ ఇంజినీరు శబ్దం తగ్గిస్తాడు లేదా బేస్ కోస్తాడు. రెండూ డీజేకు గిట్టనివే. అదే పాటను 12 అంగుళాల మీద 45 వేగంలో కోస్తే, 146 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి 75 దగ్గరే ఆపినా చుట్టుకు 274 మైక్రాన్లు వస్తాయి.

చోటుతో పాటు వేగమూ ఉంది. 12 అంగుళాల అంచున సూది కింద గాడి సెకనుకు 688 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఏడంగుళాల లోపలి చివర 254 మాత్రమే. అక్కడ పది వేల హెర్ట్జ్ శబ్దం ఒక అల 25 మైక్రాన్ల పొడవుకు కుంచించుకుపోతుంది. డీజేలు వాడే గుండ్రటి సూది మొన వ్యాసార్ధం సాధారణంగా 18 మైక్రాన్లు. ఆ అలలోకి అది దిగలేదు. ఫలితంగా గొంతులో ‘స’ కారాలు ఉమ్ముతున్నట్టు, హై-హ్యాట్ ఇసుక రాపిడిలా వినిపిస్తాయి. చివరి నిమిషంలో గొంతు లేకుండా డ్రమ్స్ మాత్రమే ఉంచే ఎడిట్లకు ఈ రకంగా అనుకోని లాభం ఉంది, కోరస్‌ను చివరికి నెట్టినవి నష్టపోతాయి.

కటింగ్‌కు ఇచ్చే ఫైలు 24 బిట్ వావ్ అయి, శిఖరాలు సున్నాకు మూడు నుంచి ఆరు డెసిబెల్స్ కింద ఉంటే చాలు. ముందే లిమిటర్‌తో (శిఖరాలను అణిచే సాధనంతో) చదును చేసి ఇస్తే రికార్డు బిగ్గరగా రాదు, బండగా వస్తుంది. 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మోనో చేయాలి, అంటే రెండు చానెళ్లలోనూ ఒకేలా ఉంచాలి. ఎడమ, కుడి బేస్ ఎదురెదురుగా నడిస్తే గాడి లోతు మారి, ఒకచోట గాడి దాదాపు మాయమై సూది ఎగురుతుంది. లక్కర్ (గాడి కోసే మెత్తటి పూత డిస్కు) కోశాక దాని మీద వెండి పూత, నికెల్ అచ్చు, స్టాంపర్, ఆ తర్వాత టెస్ట్ ప్రెసింగ్, అంటే పరీక్ష కోసం ముద్రించే కాపీలు. టెస్ట్ కాపీని మంచి హైఫై సూదితో వింటే సరిపోదు, క్లబ్బులో వాడే సూదితో, ప్రతి అతుకు దగ్గరా వినాలి. లక్కర్ డిస్కులు చేసే సంస్థలు ప్రపంచంలో రెండే ఉండేవి. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కాలిపోయాక జపాన్ సంస్థ ఒక్కటే మిగిలి, చిన్న లేబుళ్ల ఆర్డర్లకు గండం వచ్చింది.

ట్రాకులు విడదీసే సాఫ్ట్‌వేర్ వచ్చాక

2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్‌ను ఉచితంగా విడుదల చేసింది. పూర్తయిన పాట నుంచి గొంతు, డ్రమ్స్, బేస్‌లను విడదీయడం అప్పటి నుంచి ఇంటి కంప్యూటర్ పని అయింది. పైన చెప్పిన ‘పులుసులో ఉప్పు’ సూత్రం కొంత సడలింది. బ్రేక్ లేని పాటలోనూ బ్రేక్ తయారు చేయవచ్చు. కానీ విడదీసిన గొంతు వెనక హై-హ్యాట్ నీడ నీళ్లలో ఆడినట్టు వినిపిస్తుంది. ఫోన్‌లో తెలియదు. పెద్ద స్పీకర్ల మీద, అందులోనూ లోపలి గాడిలో, ఆ నీడ స్పష్టమైన బుసగా మారుతుంది. నాణ్యమైన ఎడిటర్లు దీన్ని అతుకు దగ్గర ఒకటి రెండు బీట్లు తోకను శుభ్రం చేయడానికే వాడటంలో అర్థం ఉంది.

తెల్ల లేబుల్ ఎందుకు తెల్లగా ఉంటుంది

పాటలో రెండు హక్కులున్నాయి: బాణీ, సాహిత్యం ఒకటి, ఆ రోజు స్టూడియోలో రికార్డయిన శబ్దం ఇంకొకటి. కవర్ పాట పాడేవారికి మొదటి దాని లైసెన్సు చాలు. అమెరికాలో దానికి తప్పనిసరి లైసెన్సు పద్ధతి ఉంది, పాట యజమాని కాదనడానికి వీల్లేదు. రెండో హక్కుకు అలాంటి అడ్డదారి లేదు. రికార్డింగ్ యజమాని ఒప్పుకోవాలి, అంతే. ఎడిట్ మొత్తం ఆ రెండో హక్కు మీదే నిలబడి ఉంది.

చిన్న ముక్కల విషయంలో అమెరికా కోర్టులే ఏకాభిప్రాయానికి రాలేదు. 2005లో సిక్స్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్కకు కూడా లైసెన్సు కావాలంది. 2016లో నైన్త్ సర్క్యూట్ మడోన్నా ‘వోగ్’ పాట కేసులో 0.23 సెకన్ల బాకా శబ్దం లెక్కలోకి రానంత చిన్నదని తేల్చింది. ఆ కేసు వేసినవారి చేతిలో ఉన్నది సాల్‌సోల్ హక్కులే కావడం విశేషం. ఆరు నిమిషాలూ అదే రికార్డింగ్ అయిన ఎడిట్‌కు మాత్రం ఏ తీర్పూ గొడుగు పట్టదు.

పాతబడింది కదా అన్న వాదన కూడా నిలవదు. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలను 2018 చట్టం ఫెడరల్ రక్షణలోకి తెచ్చింది. బ్రిటన్‌లో రికార్డింగ్ హక్కు 70 ఏళ్లు, భారత్‌లో 60. అంటే 1975లో విడుదలైన రికార్డింగ్‌కు ఇక్కడ 2035 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరైనా పాత సినిమా పాటకు ఎడిట్ చేసి రికార్డు కొట్టిద్దామనుకుంటే, భారత కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ దారి చూపదు. అది ఐదేళ్లు దాటిన పాటను కొత్తగా పాడి రికార్డు చేసే కవర్ వెర్షన్లకే వర్తిస్తుంది. పైగా ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టమంటుంది. ఎడిట్ రికార్డులేమో 300, 500 కాపీల సరుకు.

ఆ చిన్న సంఖ్యే ఇన్నాళ్లూ ఈ రంగాన్ని నడిపించింది. అయిదు వందల కాపీల మీద దావా వేస్తే వకీలు ఫీజు కూడా రాదు గనుక పెద్ద సంస్థలు చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేశాయి. పేరు లేని తెల్ల లేబుల్ అందుకు సరిపడ్డ ముసుగు. నష్టపోయేది అసలు గాయకులు, వాద్యకారులు, రచయితలు. ఇటీవల కొన్ని సంస్థలు ఎడిటర్లను పిలిచి, హక్కులిచ్చి, ఒక్కోసారి మాస్టర్ టేపు నుంచే నేరుగా చేయిస్తున్నాయి. గీరలు, ఎక్కిళ్లు లేని మూలం దొరకడం ఎడిటర్‌కూ లాభమే. కొనేవారు తేడా గుర్తుపట్టడానికి లేబుల్ అంచు చదివితే చాలు: అధికారిక రికార్డు మీద వలయంలో ‘పి’ గుర్తు, పక్కన సంవత్సరం, హక్కుదారు పేరు, ‘ఫలానా వారి లైసెన్సుతో’ అన్న వాక్యం, పాట రాసినవారి పేర్లు ఉంటాయి. రబ్బరు స్టాంపు మాత్రమే ఉన్నదాని మీద అవేవీ ఉండవు.